నిర్మానుష్యమైన యెడారిలో వాన

ధ్యానభాగములు: యోబు 38:25–27, ఆదికాండము 26:15–18, లేవీయకాండము 25:23



మనము వాన కొరకు ప్రార్థించునప్పుడు మన పొలమును, మన ఊరి చెరువును తలంచుకొందుము. ఎవరును కాపురముండని యెడారిలో వాన కురిసినయెడల అది వృథా అయినదని మనకు తోచును. అయితే దేవుడు సుడిగాలిలోనుండి యోబుతో మాటలాడినప్పుడు ఆ వానను గూర్చియే అడిగెను. మనుష్యసంచారము లేని చోటికి వానను పంపి, అక్కడ పచ్చిక మొలిపించువాడు తానేయని తెలియజేసెను. ఆ వానవలన యోబునకు ఒక్క గింజయు పండలేదు. మనకు పనికిరానట్టు కనబడు నేల దేవునికి పనికిరానిది కాదని ఈ భాగము నేర్పుచున్నది. దీనికి ఒక నిజమైన దృష్టాంతమును చూతము.

1. చేతులెత్తిన చెట్టు

అమెరికా దేశమందు, కాలిఫోర్నియా రాష్ట్రపు ఆగ్నేయ భాగమున మొహావీ అను ఎడారి కలదు. అందులో ఎక్కువ భాగము ఏ ఒక్కరి సొత్తును కాక ప్రజలందరికిని చెందిన ప్రభుత్వ భూమి. అక్కడ పెరుగు ఒక చెట్టునకు యెహోషువ చెట్టు అని పేరు. పూర్వము ఆ దారిని పోయిన మోర్మను వలసదారులు దాని కొమ్మలను చూచి, చేతులెత్తిన యెహోషువను తలంచుకొని ఆ పేరు పెట్టిరని చెప్పుదురు.

1920 తరువాతి సంవత్సరములలో, పట్టణపు తోటల కొరకు జనులు ఈ ఎడారి మొక్కలను పెకలించుకొని పోవుచుండిరి. మినర్వా హోయిట్ అను స్త్రీ దీనిని చూచి ఊరకుండలేదు. ఎడారి మొక్కలను న్యూయార్కు, లండను నగరములలో ప్రదర్శించి, వాటి విలువను జనులకు తెలిపి, అధికారులను పలుమారు వేడుకొనెను. 1936 ఆగస్టులో అధ్యక్షుడు రూజ్‌వెల్టు ఆ ప్రదేశమును జాతీయ స్మారక భూమిగా ప్రకటించి దానికి కాపుదల కలిగించెను.

2. పూడ్చబడిన బావి

ఆమె 1945లో మరణించెను. 1950లో, గనుల త్రవ్వకమును కోరినవారి ఒత్తిడిచేత, ఆ రక్షిత భూమిలోనుండి రెండున్నర లక్షల ఎకరములకు పైగా తొలగింపబడెను. గనులవలన కొందరికి జీవనము కలుగుననుట నిజమే. అయితే దూరాలోచన లేకుండ విడిచిన దానిని మరల పొందుట సులభము కాదు. 1994 అక్టోబరు 31న ఎడారి సంరక్షణ చట్టముపై అధ్యక్షుడు క్లింటను సంతకము చేయువరకు, అనగా 44 సంవత్సరములు, ఆ నేల వేచియుండవలసి వచ్చెను. అప్పుడు దానిలో చాలా భాగము తిరిగి చేర్చబడెను. యెహోషువ చెట్ల ప్రదేశమును, మరణపు లోయ అనబడు డెత్ వ్యాలీయు జాతీయ ఉద్యానవనములాయెను.

అబ్రాహాము దాసులు త్రవ్విన బావులను ఫిలిష్తీయులు మన్నుపోసి పూడ్చిరి. ఇస్సాకు వాటిని మరల త్రవ్వించవలసి వచ్చెను. తండ్రులు చేసిన మేలు పిల్లలు కాపాడనిదే నిలువదని మనము ఇందువలన గ్రహింపవలెను.

3. త్వరగా మానని గాయము

రెండవ ప్రపంచ యుద్ధకాలమున, 1942 మొదలు 1944 వరకు, ఈ ఎడారి ప్రాంతములో సైనికులకు తర్ఫీదు ఇచ్చిరి. నాటి యుద్ధ శకటముల చక్రపు జాడలు కొన్నిచోట్ల నేటికిని కనబడుచున్నవి. వాన తక్కువగుటచేత అణగిన నేల కోలుకొనుటకును, మొక్క తిరిగి ఎదుగుటకును అనేక సంవత్సరములు పట్టును.

అక్కడ బొరియలలో నివసించు తాబేలు వానపడినప్పుడు నీరు త్రాగి తన మూత్రాశయములో దాచుకొని, నెలల తరబడి దానితో జీవించును. ఎవరైన వేడుకకు దానిని ఎత్తినయెడల బెదిరి ఆ నీటిని విడిచివేయును. పిమ్మట దాహముచేత చావవచ్చును. జనులు లేని చోట దేవుడు కురిపించిన వాన ఎవరి కొరకో ఇప్పుడు మనకు తెలియుచున్నది.

4. మనము పరవాసులము

అయినను ఒక హెచ్చరిక అవసరము. మరణపు లోయ ఖాళీ భూమి కాదు. అది టింబీషా షోషోను అను ఆదివాసుల స్వస్థలము. 1933లో దానిని స్మారక భూమిగా ప్రకటించినప్పుడు వారి హక్కును లెక్కచేయలేదు. 2000 సంవత్సరపు చట్టమువలననే 7,500 ఎకరములకు పైగా వారికి తిరిగి దక్కెను. భూమి తనదనియు, మనము తనయొద్ద పరవాసులమనియు ప్రభువు లేవీయకాండములో సెలవిచ్చెను. ఆ మాట త్రవ్వువానికిని, కాపలా కాయువానికిని సమానముగా వర్తించును. కాపాడెదమని చెప్పి పొరుగువానిని వెళ్లగొట్టుట కాపుదల కాదు.

మన గ్రామములలోను బంజరనియు, పోరంబోకనియు మనము తేలికగా పలుకు నేల కలదు. దానిలో మేయు పశువును, అందు చితుకులేరుకొను బీదరాలిని, ఇంకను పుట్టని మన మనుమలను జ్ఞాపకము చేసికొని ఆ మాట పలుకుదము.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. మనకు లాభము లేని దేనిని దేవుడు పోషించుచున్నాడని ఈ నెలలో గమనించితిమి?
2. మన పెద్దలు త్రవ్విన ఏ బావిని మన కాలములో పూడనిచ్చితిమి?

ప్రార్థన: ప్రభువా, నీ భూమిలో మేము కొంతకాలపు కాపురస్థులమని మాకు జ్ఞాపకము చేయుము. మా తరువాత వచ్చువారికి దానిని చెడకుండ అప్పగించు కృపను దయచేయుము. ఆమేన్.