పల్లెబడిలో చురుకైన పిల్లలు - పంచాయతీ కర్తవ్యము

నారుమడి బలముగా నున్నగాని పైరు బలపడదని తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతముల రైతులకు వేరుగ చెప్పనక్కరలేదు. చదువునకు ఒకటి, రెండు, మూడు తరగతులే నారుమడి. చురుకైన బిడ్డను గుర్తించి ఆదుకొనవలసిన కాలము అదియే.

ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు 1889లో పెనుగంచిప్రోలున జన్మించిరి. పసితనముననే తల్లిదండ్రులను కోల్పోయి పినతండ్రి, నాయనమ్మల నీడన పెరిగిరి. వారి ప్రాథమిక విద్య కొంత రేపల్లె ప్రాంతపు కూచినపూడిలో సాగినది. స్వతంత్ర స్వభావము, సంగీత నాటకములపై మక్కువ మెండు. తొమ్మిదవ తరగతి తప్పిరి. పిమ్మట బాపట్లలో పట్టుదలతో చదివి నెగ్గిరి. 1911లో స్కాట్లండునకు వెళ్లి ఎడింబరో విశ్వవిద్యాలయమున ఎం.ఏ. పట్టము పొందిరి. 1921లో చీరాల-పేరాల ఉద్యమమును నడిపినది వీరే. తప్పిన నాడే చదువు మానియుండినచో ఏమయ్యెడిది?

మొదటి మార్కు వచ్చిన బిడ్డ మాత్రమే తెలివైనది కాదు. ప్రశ్నలతో విసిగించువాడు, లెక్క ముందే ముగించి పక్కవానిని కదిలించువాడు కూడ అట్టివాడే కావచ్చును. తెలిసిన పాఠమునే మరల మరల వినవలసి వచ్చుటచే కొందరు అల్లరికి దిగుదురు. చెల్లెలిని ఎత్తుకొని ఇంటనుండిపోవు ఆడపిల్ల, కోతలకు తల్లి వెంట పోవు కూలివారి బిడ్డ ఎవరి కంటను పడరు.

పంచాయతీ సభ్యులు చేయదగిన పనులివి:

1. నెలకొకసారి బడికి పోయి, అట్టి పిల్లలెవరో ఉపాధ్యాయులను అడుగవలెను. వారికి అవే లెక్కలు మరిన్ని గాక, కఠినమైనవి ఇప్పింపవలెను.

2. తొందరపడి పై తరగతికి ఎక్కింపరాదు. ముందున్న విషయమునకు మాత్రము పై తరగతిలో కూర్చుండనిచ్చుట మేలు.

3. బడిలోని కథల పుస్తకములు బీరువాలో మూలుగక పిల్లల ఇండ్లకు చేరునట్లు చూడవలెను.

4. 2009 విద్యాహక్కు చట్టము ప్రకారము ప్రభుత్వ పాఠశాలల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే. స్థానిక ప్రజాప్రతినిధులకును అందు చోటు కలదు. పనుల రోజులలో బడి మానిన పిల్లల సంగతి అచట చర్చింపవలెను.

5. నవోదయ విద్యాలయముల ఆరవ తరగతి ప్రవేశములలో కనీసము నూటికి 75 సీట్లు గ్రామీణ విద్యార్థులవి. పరీక్ష వ్రాయునది ఐదవ తరగతిలో. పునాది మాత్రము మూడవ తరగతికి ముందే పడవలెను.

ఇందు పెద్ద ఖర్చు లేదు. కావలసినది కనిపెట్టి చూచు కన్ను. సభ్యులారా! ఈ నెలలోనే మీ ఊరి బడి గడప తొక్కి, వెనుక బెంచీ పిల్లలను కూడ పలుకరింపుడు.