గాలి రావాలి, నీళ్ళూ పొగా రాకూడదు



సరుకు మోసే చిన్న బండిని మీరందరూ చూసే ఉంటారు. దాన్ని పికప్ వ్యాన్ అంటారు. ముందు డ్రైవరు, ఒకరిద్దరు కూర్చునే గది ఉంటుంది. అది క్యాబిన్. వెనక సరుకు వేసే చోటు ఉంటుంది.

1999లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రైతు బజార్లు మొదలయ్యాయి. కూరగాయలు పండించే ఆడవాళ్ళు తమ సరుకు తామే తెచ్చి అమ్ముకోసాగారు. అందుకు బండి కావాలి. కొత్త బండి కొనాలంటే లక్షలు కావాలి. కాబట్టి పాత బండినే మాట్లాడుకుంటాం. లేదా నలుగురం కలిసి పాత బండినే కొనుక్కుంటాం.

పాత బండి వానాకాలంలో ఏడిపిస్తుంది. కాళ్ళ కింద పట్టా తడుస్తుంది. క్యాబిన్‌లో ముక్కిన వాసన వేస్తుంది. ఫ్యాను వేస్తే గరగరమంటుంది. ఎండుటాకుల పొడి మొహాన పడుతుంది.

"పాత బండి గదా, అంతేలే" అని సరిపెట్టుకుంటాం. కానీ అంతటితో పోదు. తడి వల్ల నేల రేకు తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన చోట చిల్లు పడుతుంది. ఆ చిల్లులోంచి బండి పొగ లోపలికి వస్తుంది. పొగ ప్రాణానికే ముప్పు. అందుకే ఈ పాఠం.

గాలి ఏ దారిన వస్తుంది?

బండి ముందు అద్దం కింద, వైపర్ల దగ్గర చూడండి. అక్కడ సన్నని కంతలున్న జాలీ కనబడుతుంది. చాలా బండ్లకు బయటి గాలి వచ్చే దారి అదే.

ఆ జాలీ కింద ఒక కాలువ ఉంటుంది. బండికి అడ్డంగా ఈ చివరి నుంచి ఆ చివరిదాకా ఉంటుంది. ఆ కాలువలోంచి ఒక కంత గుండా గాలి లోపలి ఫ్యానుకు వెళుతుంది. ఫ్యాను ఆ గాలిని మన మొహం మీదికి, కాళ్ళ మీదికి తోస్తుంది.

గాలి వచ్చే చోట వాన కూడా పడుతుంది గదా! మరి ఆ నీళ్ళు ఎటు పోవాలి? దానికీ ఏర్పాటు ఉంది. కాలువ రెండు చివరలా చిన్న తూములు ఉంటాయి. నీళ్ళు ఆ తూముల గుండా చక్రాల పక్కన కిందికి కారిపోతాయి. గాలి కంతకు చుట్టూ చిన్న గట్టు ఉంటుంది. అందుకే నీళ్ళు ఫ్యానులోకి రావు.

మన పొలం కాలువ సంగతి మీకు తెలుసు. తూముకు చెత్త అడ్డం పడితే ఏమవుతుంది? నీళ్ళు నిలుస్తాయి. గట్టు మీదుగా పొర్లుతాయి. బండిలోనూ అదే జరుగుతుంది. బండిని చింతచెట్టు కింద, వేపచెట్టు కింద నిలుపుతాం. చింతాకు చిన్నది. జాలీ కంతల్లోంచి సులువుగా దూరుతుంది. దానికి దుమ్ము తోడవుతుంది. రెండూ కలిసి బురద ముద్ద అవుతాయి. తూము మూసుకుపోతుంది. నీళ్ళు గట్టు దాటి ఫ్యాను మీద పడతాయి. అక్కడినుంచి మన కాళ్ళ మీద పడతాయి.

ముందు నీళ్ళ రంగు చూడండి

కాళ్ళ దగ్గర తడి కనబడితే ఒక తెల్ల గుడ్డతో అద్దండి. చూడండి.

నీళ్ళు మామూలుగా ఉండి, వాన పడినప్పుడే వస్తే అవి వాన నీళ్ళు.

బండిలో ఏసీ ఉండి, అది వేసినప్పుడే తడి వస్తే ఏసీ నీళ్ళు బయటికి పోయే గొట్టం మూసుకుపోయి ఉంటుంది.

పచ్చగానో ఎర్రగానో ఉండి, జిడ్డుగా తగిలి, తియ్యటి వాసన వస్తే అది ఇంజను చల్లబరిచే నీళ్ళ మందు. దాన్ని కూలెంట్ అంటారు. అది విషం. నాలుకకు తగలనివ్వద్దు. పిల్లల్ని, కోళ్ళను, కుక్కల్ని దగ్గరికి రానివ్వద్దు. వెంటనే మెకానిక్‌కు చూపించాలి.

కాలువ శుభ్రం చేసే పద్ధతి

ఇది ఇద్దరు కలిసి చేసుకోదగ్గ పని. ఎండ ఉన్న రోజు పెట్టుకోండి.

1. ఇంజను ఆపాలి. అది చల్లబడేదాకా ఆగాలి. తాళం చెవి తీసి కొంగుకు కట్టుకోవాలి.

2. బ్యాటరీకి రెండు తీగలుంటాయి. మైనస్ గుర్తు ఉన్న తీగను విప్పించాలి. అప్పుడు ఫ్యాను తిరగదు. వేళ్ళకు ప్రమాదం ఉండదు.

3. ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి. చేతులకు తొడుగులు వేసుకోవాలి. రేకు అంచులు కోసుకుంటాయి.

4. జాలీ మరలు విప్పాలి. కొన్ని బండ్లకు ముందు వైపర్లు తియ్యాలి. మరలన్నీ ఒక గిన్నెలో వేసి పెట్టాలి. ప్లాస్టిక్ జాలీ అయితే మెల్లగా ఎత్తాలి. పాతది పెళుసుగా ఉంటుంది.

5. ఆకులూ బురదా చేత్తో తీసెయ్యాలి. ముందే నీళ్ళు పొయ్యకూడదు. పోస్తే చెత్తంతా తూములోకి పోయి ఇంకా బిగుసుకుంటుంది.

6. మెత్తటి ప్లాస్టిక్ గొట్టం ముక్కతో తూము పొడవాలి. ఇనప చువ్వ వద్దు. చువ్వ రేకుకు చిల్లు పెడుతుంది. కొన్ని తూముల చివర రబ్బరు మూతి ఉంటుంది. దాన్ని నొక్కితే బురద బయటికి వస్తుంది. ఆ రబ్బరును కోసి పారెయ్యకండి. కింది నీళ్ళూ దుమ్మూ పైకి రాకుండా అదే ఆపుతుంది.

7. ఇప్పుడు ఒక చెంబు నీళ్ళు మెల్లగా కాలువలో పొయ్యాలి. రెండో మనిషి చక్రాల పక్కన వంగి చూడాలి. రెండు వైపులా నీళ్ళు ధారగా కారితే తూములు బాగైనట్టే.

ఎలుక గూడు ఉంటే?

కొన్నాళ్ళు కదలకుండా ఉన్న బండిలో ఎలుకలు గూడు పెడతాయి. గుడ్డ పేలికలు, గడ్డి, పెంటికలు ఫ్యాను దగ్గర చేరతాయి. ఫ్యాను గరగరలాడడానికి ఇదీ ఒక కారణం.

ఎలుక పెంటికలను పొడిగా ఊడవకూడదు. ఆ దుమ్ము పీలిస్తే జబ్బు చేస్తుంది. బ్లీచింగు పౌడరు కలిపిన నీళ్ళు చల్లాలి. కాసేపు నాననివ్వాలి. తరువాత తడిగుడ్డతో తీసి, సంచిలో కట్టి పాతిపెట్టాలి. చేతులు సబ్బుతో కడుక్కోవాలి. ఎలుకలు తీగలు కూడా కొరుకుతాయి. తీగ తోలు ఊడి ఉంటే బండి తియ్యకూడదు. మంటలు లేస్తాయి. ముందు బాగు చేయించాలి.

ఇంకా నీళ్ళు వస్తున్నాయా?

తూములు బాగున్నా తడి వస్తే వేరే చోట కారుతున్నట్టు. ఆ చోటు కనిపెట్టాలి. కనిపెట్టకుండా ఎక్కడపడితే అక్కడ జిగురు పూస్తే డబ్బు దండగ.

క్యాబిన్ లోపల అంతా తుడిచి ఆరబెట్టండి. అద్దం కింద, మూలల్లో పొడి ముగ్గు పిండి సన్నగా చల్లండి. ఒక మనిషి టార్చిలైటు పట్టుకొని లోపల కూర్చోవాలి. ఇంకొకరు బయటినుంచి నీళ్ళు పొయ్యాలి. ముందు కింది భాగాన పొయ్యాలి. తరువాత కొంచెం పైన. చివరికి అద్దం రబ్బరు మీద పొయ్యాలి. ఒక్కో చోట పోసి రెండు మూడు నిమిషాలు ఆగాలి. నీళ్ళు దిగిన చోట పిండి మీద చార పడుతుంది. ఆ చార వెంబడి పైకి వెళితే చిల్లు దొరుకుతుంది. పని అయ్యాక పిండి తుడిచెయ్యండి. ఉంటే తేమ పట్టుకుంటుంది.

తలుపు రబ్బరు చూడడానికి కాగితం ముక్క చాలు. రబ్బరు మీద కాగితం పెట్టి తలుపు మూయండి. కాగితం లాగండి. బిగువుగా వస్తే రబ్బరు మంచిది. జారి వచ్చేస్తే రబ్బరు అరిగింది, లేదా తలుపు సరిగ్గా పడడం లేదు. తలుపు చుట్టూ అన్ని చోట్లా ఇలాగే చూడండి.

తుప్పు చిల్లుకు జిగురు ఒక్కటే సరిపోదు. ఉప్పు కాగితంతో తుప్పు గీకాలి. మెరిసే రేకు కనబడాలి. తుప్పు పట్టనివ్వని రంగు వెయ్యాలి. ఆరిన తరువాతే చీలికలో సిలికాన్ జిగురు నింపాలి. పెద్ద చిల్లయితే రేకు ముక్క వేసి వెల్డింగు చేయించాలి.

పొగ సంగతి మరిచిపోకండి

తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకొని పడుకుంటే ప్రాణాలు పోతాయని పెద్దలు చెబుతారు. అది నిజం. అందులో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది. బండి పొగలో కూడా అది ఉంటుంది. పెట్రోలు బండిలో ఎక్కువ. డీజిలు బండిలో తక్కువ, కానీ లేకపోలేదు.

దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తం ప్రాణవాయువును మోస్తుంది. అదే రక్తం ఈ విషవాయువును 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. దాంతో ఒంటికి ప్రాణవాయువు అందదు. గర్భిణులకు, కడుపులో బిడ్డకు, చిన్నపిల్లలకు ఇంకా ప్రమాదం.

డీజిలు పొగతో ఇంకో ముప్పు ఉంది. అది క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లో తేల్చి చెప్పింది.

చలికాలం తెల్లవారుజామున అద్దాలన్నీ బిగించుకొని సంతకు వెళతాం. దారిలో తలనొప్పి వస్తుంది. కళ్ళు తిరుగుతాయి. వాంతి వచ్చేట్టుంటుంది. మత్తుగా ఉంటుంది. "బండి పడలేదు", "నిద్ర చాలలేదు" అనుకుంటాం. కానీ బండిలో ఉన్న అందరికీ ఒకేసారి ఇలా అయి, దిగి గాలికి నిలబడితే తగ్గిందంటే, అది పొగే అని అనుమానించాలి.

అప్పుడేం చెయ్యాలి? బండి ఆపించండి. అందరూ దిగండి. గాలి తగిలే చోట కూర్చోండి. ఎవరైనా లేవలేకపోతే 108కి ఫోన్ చెయ్యండి. బాగు చేయించేదాకా ఆ బండి ఎక్కకండి. అద్దం కొంచెం దించుకుంటే చాలు అనుకోవద్దు.

పొగ వచ్చే దారులు కనిపెట్టడానికి ఒక ఉపాయం ఉంది. రాత్రిపూట ఇంజను ఆపి, బానెట్ ఎత్తండి. ఒకరు క్యాబిన్‌లో కూర్చొని కాళ్ళ దగ్గర, ఇంజను వైపు గోడ మీద టార్చిలైటు వెయ్యాలి. ఇంకొకరు ఇంజను వైపునుంచి చూడాలి. వెలుగు కనబడిన చోటల్లా కంత ఉన్నట్టే. తీగలు, గొట్టాలు దూరే కంతలకు రబ్బరు బిళ్ళలు ఉండాలి. ఊడిపోతే కొత్తవి వేయించాలి.

కంతలు మూస్తే సగం పని అయినట్టు. పొగగొట్టం, సైలెన్సరు కూడా చూపించాలి. అతుకుల దగ్గర నల్లటి మసి ఉందా? బండి చప్పుడు పెరిగిందా? అయితే పొగ మధ్యలోనే కారుతోంది. ఇది మెకానిక్ పని. షెడ్డు తలుపులు మూసి ఇంజను ఎప్పుడూ నడపకూడదు.

ఒక లెక్క చేద్దాం

తలుపు రబ్బరు మీటరు 60 రూపాయలు అనుకుందాం. రెండు తలుపులకు 7 మీటర్లు పట్టింది. జిగురు డబ్బా 200 రూపాయలు. కూలి 300 రూపాయలు. మొత్తం ఎంత?

7 × 60 = 420
420 + 200 + 300 = 920 రూపాయలు.

ఐదుగురు పంచుకుంటే ఒక్కొక్కరికి ఎంత పడుతుంది? మీరే చేసి చూడండి.

గుర్తుంచుకోండి

మృగశిర కార్తె రాకముందే కాలువ, తూములు శుభ్రం చెయ్యాలి. వానలు అయ్యాక మళ్ళీ ఒకసారి చూడాలి.

తడిసిన పట్టాను తీసి ఎండలో ఆరెయ్యాలి. పట్టా కింద రేకు కూడా ఆరాలి.

బండి మనది కాకపోవచ్చు. కిరాయి మనదే, ప్రాణమూ మనదే. అడిగే హక్కు మనకుంది. "అన్నా, తూములు తీశావా? సైలెన్సరు చూపించావా?" అని అడగండి. బాగయ్యాక చెంబుడు నీళ్ళు పోసి కళ్ళారా చూడండి. ఆ తరువాతే డబ్బులివ్వండి.

కొత్త మాటలు

జాలీ: సన్నని కంతలున్న మూత
తూము: నీళ్ళు బయటికి పోయే దారి
కూలెంట్: ఇంజనును చల్లబరిచే నీళ్ళ మందు
సైలెన్సరు: పొగగొట్టానికి ఉండే, చప్పుడు తగ్గించే డబ్బా
విషవాయువు: పీలిస్తే హాని చేసే గాలి

చదివి చెప్పండి

1. కాలువలో ముందే నీళ్ళు ఎందుకు పొయ్యకూడదు?
2. తలుపు రబ్బరు మంచిదో కాదో ఎలా తెలుస్తుంది?
3. బండిలో అందరికీ ఒకేసారి తలనొప్పి వస్తే ఏం చెయ్యాలి?

రాయండి

మీరు ఎక్కే బండి కోసం ఒక నోటుపుస్తకం పెట్టండి. తేదీ, బండి నంబరు, ఏం బాగు చేశారు, ఎంత ఖర్చయింది, ఈ నాలుగూ మీ చేత్తో రాయండి. కింద సంతకం చెయ్యండి. వచ్చే వానాకాలం ముందు ఆ పుస్తకం తీసి చదవండి.