ప్రశ్న పాతదే, అడిగే మనిషి కొత్తది



మన ఆర్మూరు వైపు బతుకమ్మ తొమ్మిది రోజుల పండుగ. ఎంగిలిపూల నాడు మొదలవుతుంది. సద్దుల నాడు ముగుస్తుంది. 2014లో తెలంగాణ ప్రభుత్వం దీన్ని రాష్ట్ర పండుగగా ప్రకటించింది.

బతుకమ్మను పేర్చడం ఏ బడిలోనూ చెప్పరు. చూసి నేర్చుకోవాలి. అడిగి నేర్చుకోవాలి. ఏటా వాకిట్లోకి కొత్తవాళ్లు వస్తారు. ఎదిగే ఆడపిల్లలు వస్తారు. వేరే ఊరి నుండి వచ్చిన కోడళ్లు వస్తారు. ఏటా అవే ప్రశ్నలు అడుగుతారు.

"అత్తమ్మా, అడుగున ఏం పెట్టాలె?"

"తాంబాలంల గుమ్మడి ఆకులు పరువు బిడ్డా. వాటి మీద తంగేడు పూలు గుండ్రంగ పేర్చు. పూలు బయటికి, కాడలు లోపలికి."

"గునుగు పూలకు రంగు ఎట్ల?"

"కట్టలు కట్టి రంగు నీళ్లల్ల ముంచు. ఆరబెట్టు."

"నాది ఒక దిక్కు ఒరుగుతున్నది. ఎందుకు?"

"నడుమ ఖాళీ ఉన్నది. ఆకులతోని గట్టిగ నింపు. పైకి పోయినకొద్ది చుట్టు తగ్గించు. ఆఖరికి పసుపు గౌరమ్మను పెట్టు."

ఇట్ల చెప్తే కోడలు నేర్చుకుంటుంది. కాని "ఇంత కూడ తెల్వదా? నిన్ననే చెప్పిన గదా!" అంటే? పక్కనున్న నలుగురు నవ్వితే? ఆమె ఇంక అడగదు. వచ్చే ఏడు దూరంగా నిలబడి చూస్తుంది. రేపు ఆమె బిడ్డకు ఎవరు నేర్పుతారు?

మళ్లీ ఎందుకు అడుగుతారు? మొదటిసారి చెవి వింటుంది. చెయ్యి నేర్వదు. పేర్చినప్పుడు ఒరుగుతుంది. అప్పుడు అనుమానం వస్తుంది. రెండోసారి అడిగిందంటే ఆమె పని మొదలుపెట్టిందని అర్థం.

మనం అక్షరాలు నేర్చిన రోజులు గుర్తు చేసుకుందాం. "ద"కు, "ధ"కు తేడా ఎన్నిసార్లు అడిగాం? నేర్పేవాళ్లు కసురుకుంటే ఈ పాఠం ఈరోజు చదివేవాళ్లమా?

అడిగే అలవాటు పండుగకే కాదు, బతుకుకూ కావాలి. మన పసుపు నిజామాబాద్ మార్కెట్ యార్డుకు పోతుంది. అమ్మినాక తక్ పట్టీ ఇస్తారు. 3 క్వింటాళ్లు అమ్మామనుకుందాం. క్వింటాలు ధర 10,000 రూపాయలు అనుకుందాం. మొత్తం 30,000 రావాలి. చేతికి 29,400 వచ్చింది. "600 ఎందుకు కోసిన్రు?" అని అడగాలి. అర్థం కాకపోతే మళ్లీ అడగాలి. వాకిట్లో అడగడానికి భయపడ్డ మనిషి యార్డులో అడగగలదా?

చెప్పేవాళ్లకూ విసుగు వస్తుంది. పూలు వాడిపోతుంటాయి. పని మిగిలి ఉంటుంది. అప్పుడు ఇట్ల చేద్దాం.

1. నవ్వవద్దు. "ఇప్పుడు చూడు, రాత్రి చెప్త" అందాం. రాత్రి తప్పక చెబుదాం.
2. నోటితో చెప్పి వదలవద్దు. ఆమె చేతనే ఒక వరుస పేర్పిద్దాం.
3. పోయిన ఏడు నేర్చుకున్నామెను చెప్పమందాం. ఎక్కడ తప్పు పోతుందో ఆమెకు బాగా గుర్తుంటుంది.
4. మనకు తెలియకపోతే "అడిగి చెప్త" అందాం. అందులో చిన్నతనం లేదు.

ఆలోచించండి, మాట్లాడండి

1. నవ్వుతారని మీరు అడగకుండా ఊరుకున్న ప్రశ్న ఏది?
2. మీ సంఘంలోకి కొత్తగా వచ్చినామె ఏమేమి అడుగుతుంది?

రాయండి

బతుకమ్మను పేర్చే పద్ధతిని ఐదు వాక్యాల్లో రాయండి. పక్కనున్నామెకు చదివి వినిపించండి. ఆమె ఏది అడిగినా చెప్పండి.