వద్దు అని చెప్పటం ఎలా?

బస్సులో ఒకరికొకరు సాయం చేసుకోవటం మన అలవాటు. సంచి అందుకుంటాం. పరాయి బిడ్డనైనా ఒళ్లో కూర్చోబెట్టుకుంటాం. కాలికి కట్టు ఉన్నవాళ్లు కనబడితే చెయ్యి పట్టి పైకి లాగుతాం. మంచి మనసుతోనే లాగుతాం. కాని ఆ లాగుడుతోనే ఒక్కోసారి ముప్పు వస్తుంది.

ఒకామె ఉంది. లక్ష్మి అనుకుందాం. పొలంగట్టు మీద జారిపడింది. కాలు విరిగింది. పిండికట్టు వేశారు. చంకలో కర్ర పెట్టుకుని నడుస్తోంది. పల్లెవెలుగు బస్సు వచ్చింది. మెట్టు ఎత్తుగా ఉంది. ఎక్కేటప్పుడు ముందు బాగున్న కాలు పైకి పెట్టాలి. తరువాత కట్టు ఉన్న కాలు, కర్ర రావాలి. లక్ష్మి కమ్మీ పట్టుకుని అలాగే ఎక్కుతోంది. బరువంతా కర్ర మీదే ఉంది. అప్పుడే పైనున్న ఒకామె కర్ర ఉన్న చెయ్యి పట్టి లాగితే? కర్ర జారుతుంది. లక్ష్మి పడుతుంది.

లాగకముందే వద్దు అనాలి. కాని ఆ మాట అనటానికి మనకు నోరు రాదు. పొగరు అనుకుంటారేమో! రేపు నిజంగా అవసరం వస్తే ఎవరూ పలకరేమో! ఈ భయంతో చాలామంది నొప్పి ఓర్చుకుంటారు.

లక్ష్మి ఇలా అనవచ్చు: "చెయ్యి పట్టుకోవద్దక్కా, పడిపోతా. నేనే ఎక్కుతా. ఈ సంచి అందుకో చాలు."

అక్క చిన్నబుచ్చుకోదు. ఆమెకూ ఒక పని దొరికింది కదా! కారణం ఒక్క ముక్క చెబితే చాలు. "ఎట్లా విరిగింది? మీ ఆయన కొట్టాడా?" అని ఆరా తీసేవాళ్లు ఉంటారు. వాళ్లకు జవాబు చెప్పి తీరాలని లేదు.

సీటు ఇచ్చినా అంతే. కాలు ముడవరాకపోతే, "లోపలికి వద్దమ్మా, ఈ చివర ఇవ్వండి, కాలు చాపుకోవాలి" అనవచ్చు.

చూపు లేనివారిని కొందరు వెనకనుంచి తోస్తారు. ముందు ఏముందో వారికి ఎలా తెలుస్తుంది? "తోయకండి, మీ మోచెయ్యి పట్టుకుంటా" అని వారంటే కోపం తెచ్చుకోకూడదు. మోచెయ్యి పట్టుకుని అరడుగు వెనక నడిస్తే, మెట్టు వచ్చిన సంగతి వారికి తెలిసిపోతుంది. అసలు "సాయం కావాలా?" అని ముందే అడిగితే పోయేదేముంది?

బస్సులో 'వికలాంగులకు' అని రాసి ఉన్న సీటు సంగతి వేరు. ఆ అక్షరాలు ఇప్పుడు మీరే చదవగలరు. అది ఒకరు దయతో ఇచ్చే సీటు కాదు. బస్సులు వికలాంగులకు అనువుగా ఉండాలని 2016లో వచ్చిన చట్టం చెబుతోంది. ఆ సీటు అడగటానికి వారికి మొహమాటం అక్కర్లేదు. ఇతరులు లేవకపోతే కండక్టరుకు చెప్పాలి.

దిగేటప్పుడు వరస మారుతుంది. ముందు కర్ర, కట్టు ఉన్న కాలు. తరువాత బాగున్న కాలు. దీనికి కొంచెంసేపు పడుతుంది. అందుకే లక్ష్మి తన ఊరు రాకముందే కండక్టరును పిలిచి చెప్పింది: "అన్నా, నేను మెల్లగా దిగాలి. నా రెండు కాళ్లూ నేల మీద పెట్టాక రైట్ చెప్పు."