పీకించక్కర్లేదు, తలుపులు చూడండి

ప్రశ్న: మా వంటింటి కప్‌బోర్డులు పాతబడ్డాయి. సన్‌మైకా అంచుల్లో లేచింది, తలుపులు వేలాడుతున్నాయి. మొత్తం మార్పించాలా?

జవాబు: తొందరపడకండమ్మా. సింకు కింద అడుగుచెక్కను స్క్రూడ్రైవర్ మొనతో గుచ్చి చూడండి. గట్టిగా ఉంటే కప్‌బోర్డు డబ్బాల జోలికి పోనక్కర్లేదు. ఉబ్బి పొడిగా రాలుతుంటే ఆ ఒక్కటీ మార్పించండి. తలుపులు వేలాడేది చాలాసార్లు స్క్రూ రంధ్రాలు వదులై. తలలు తుంచిన అగ్గిపుల్లలను ఫెవికాల్‌లో ముంచి రంధ్రంలో దట్టించి, మర్నాడు స్క్రూ బిగిస్తే పట్టు దొరుకుతుంది. లేచిన సన్‌మైకా పూర్తిగా ఊడదీయించి, చెక్కను గరుకు కాగితంతో రుద్దించి, 1 ఎంఎం షీటు వేయించండి. పైపైన రంగేస్తామనే వాళ్ల మాట నమ్మకండి, పోపు జిడ్డు మీద ఏ రంగూ నిలవదు. పాత హ్యాండిళ్లు బాగుంటే అవే బిగించమనండి.