మలంచా నుంచి పాత రాజధానికి: ఒక్కరోజులో కలకత్తా చూడటం ఎలా?

ఖరగ్‌పూర్ మలంచాలో ఉండేవాళ్లకు హౌరా కొత్త కాదు. ఆసుపత్రికో, పెళ్లి బట్టలకో వెళ్తాం, పని చూసుకుని మళ్లీ లోకల్ ఎక్కేస్తాం. ఊరు చూడటానికని వెళ్లేది తక్కువ. శ్రీకాకుళం నుంచో విజయనగరం నుంచో చుట్టాలొచ్చి "కలకత్తా చూపించండి" అన్నప్పుడు తడబడతాం. కాళీఘాట్, దక్షిణేశ్వర్, జూ, సైన్స్ సిటీ, విక్టోరియా అన్నీ ఒకే రోజులో ఇరికించబోయి సగం రోజు ట్రాఫిక్‌లోనే పోగొట్టుకుంటాం.

ఈసారి అలా వద్దు. 1911 దాకా బ్రిటిష్ ఇండియాకు రాజధాని ఈ నగరమే. ఆనాటి ముఖ్యమైన కట్టడాలు గంగ ఒడ్డు నుంచి మైదాన్ దాకా ఇంచుమించు ఒకే దారిలో ఉన్నాయి. వాటినే చూద్దాం. గుళ్లకు ఇంకోసారి వెళ్దాం, అమ్మవారు ఎక్కడికీ పోదు.

కావలసినవి

1. సరైన రోజు. సోమవారం వద్దు. మ్యూజియం, విక్టోరియా గ్యాలరీలు రెండూ ఆ రోజు మూసే ఉంటాయి. ఆదివారం ఆఫీసు వీధులు ఖాళీగా ఉంటాయి గానీ విక్టోరియా దగ్గర జాతరే. నన్నడిగితే శనివారం మేలు.
2. కాలికి అలవాటైన చెప్పులు. ఈ రోజంతా నడకే.
3. చిల్లర, నీళ్ల సీసా, గొడుగు, గుర్తింపు కార్డు.
4. చిన్న సంచి ఒక్కటే. పులిహోర కట్టుకోవచ్చు, కానీ రైల్లోనే ఖాళీ చేయాలి. మ్యూజియంలోకి తిండి తీసుకెళ్లనివ్వరు.

పద్ధతి

1. తెల్లవారుజామునే టోటోలో స్టేషన్‌కు చేరి, మొదటి లోకళ్లలో ఒకటి పట్టుకుందాం. హౌరా సుమారు 115 కిలోమీటర్లు. లోకల్ రెండున్నర, మూడు గంటలు తీసుకుంటుంది. ఆలస్యమైతే ఆఫీసు జనంతో నిలబడటానికి కూడా చోటుండదు. దారిలో పాన్స్‌కురా, కోలాఘాట్ దగ్గర బంతిపూల మూటలు ఎక్కుతాయి. అవి ఎక్కడికి పోతాయో కాసేపట్లో చూస్తాం.

2. మన బళ్లు సాధారణంగా హౌరా కొత్త కాంప్లెక్స్‌లో ఆగుతాయి. బయటకు రాగానే టాక్సీవాళ్లు చుట్టుముడతారు. తల అడ్డంగా ఊపి నేరుగా ఫెర్రీ ఘాట్‌కు నడుద్దాం. టికెట్ తీసుకునేముందు "ఫెయర్లీ" అని అడగాలి. హౌరా ఘాట్ నుంచి వేరే ఘాట్లకు కూడా పడవలున్నాయి. పడవను తాడుతో కట్టేదాకా ఎవరూ కాలు పెట్టకూడదు, పిల్లల చేయి వదలకూడదు.

3. పడవలో వంతెన కనిపించే పక్కన నిలబడదాం. 1943లో తెరిచిన ఈ హౌరా వంతెనలో నట్లు, బోల్టులు లేవు, అంతా రివెట్ల పనే. ఇంట్లో రైల్వే వర్క్‌షాపులో పనిచేసిన మామయ్యో తాతయ్యో ఉంటే వెంట తీసుకెళ్లండి, ఆ సంగతి ఆయన చెబితేనే బాగుంటుంది. వంతెన కింద అవతలి ఒడ్డున రంగురంగులుగా కనిపించేది మల్లిక్ ఘాట్ పూలబజారు. పొద్దున మనతో వచ్చిన పూలమూటలు చేరేది అక్కడికే.

4. ఫెయర్లీలో దిగాక సర్క్యులర్ రైలు పట్టాలు అడ్డొస్తాయి. రెండు వైపులా చూసి దాటుదాం. కొద్ది దూరం నడిస్తే డల్హౌసీ, అంటే ఇప్పటి బీబీడీ బాగ్. 1930 డిసెంబరు 8న రైటర్స్ బిల్డింగ్‌లోకి చొరబడి దాడి చేసిన విప్లవకారులు వినయ్, బాదల్, దినేశ్‌ల పేర్లే ఈ చౌకుకు పెట్టారు. ఆ ఎర్రటి భవనం అక్కడే ఉంది. తెల్లటి గుమ్మటమున్న జీపీఓ 1868 నాటిది. మెట్ల మీద ఇత్తడి గీత కోసం వెతకండి. పాత ఫోర్ట్ విలియం కోట గోడ ఎక్కడిదాకా ఉండేదో ఆ గీత చెబుతుంది.

5. దక్షిణంగా నడిస్తే సెయింట్ జాన్స్ చర్చి, ఈస్టిండియా కంపెనీ అధికారి జాబ్ చార్నాక్ సమాధి. ఆ తర్వాత గవర్నర్ బంగళా. దీన్ని గేటు బయటి నుంచే చూడాలి, కాపలావాళ్లను ఫోటో తీయొద్దు.

6. డెకర్స్ లేన్‌లో భోజనం. చికెన్ స్టూ, టోస్టు అక్కడ ప్రసిద్ధి. శాకాహారులకు లూచీ, ఆలూదమ్ దొరుకుతాయి. నిలబడే తినాలి.

7. ఇప్పుడు ఇండియన్ మ్యూజియం. 1814లో మొదలైంది. అందరూ ఈజిప్టు మమ్మీ దగ్గరికి పరుగెడతారు. మనం ముందు భర్హుత్ గ్యాలరీకి వెళ్దాం. ఎర్రరాతి కంచె మీద గుండ్రటి పలకలుంటాయి. వాటిలో జేతవనం పలక పట్టుకోండి. అనాథపిండికుడు బుద్ధుడి కోసం తోట కొంటున్నాడు. బండి కాడి పైకి లేచి ఉంది, ఎడ్లను విప్పేశారు, మనుషులు చదరపు నాణేలను నేల మీద పక్కపక్కన పరుస్తున్నారు. తోట నేలంతా నాణేలతో కప్పడమే దాని ధర. ఈ ఒక్క పలక దగ్గర పది నిమిషాలు నిలబడినా దండగ కాదు.

తర్వాత మన అమరావతి శిల్పాలు ఎక్కడున్నాయో అడిగి చూద్దాం. అమరావతి రాళ్లను కలకత్తాకు పంపినవాడు కల్నల్ కాలిన్ మెకంజీ. తన దగ్గర పనిచేసిన కావలి సోదరుల సాయంతో మన ఊళ్ల కైఫియతులు, అంటే స్థానిక చరిత్రలు, రాయించింది ఆయనే. 1821లో చనిపోయాడు, సమాధి సౌత్ పార్క్ స్ట్రీట్ శ్మశానంలో ఉంది. చరిత్ర పిచ్చి ఉన్నవాళ్లు విక్టోరియా గ్యాలరీలు మానేసి అక్కడికి వెళ్లినా నేను తప్పు పట్టను.

8. పార్క్ స్ట్రీట్‌లో మెట్రో ఎక్కి మైదాన్‌లో గానీ రవీంద్ర సదన్‌లో గానీ దిగి విక్టోరియాకు. దీనికి 1906లో శంకుస్థాపన చేసిన యువరాజే రాజయ్యాక, 1911 డిసెంబరులో రాజధాని ఢిల్లీకి మారుతోందని ప్రకటించాడు. 1921లో భవనం తెరిచేనాటికి కలకత్తా రాజధాని కాదు. టికెట్ కౌంటర్ ముందుగానే మూసేస్తారు కాబట్టి ముందు గ్యాలరీలు, తర్వాతే తోట.

9. తిరుగు ప్రయాణంలో ఎస్‌ప్లనేడ్‌లో మెట్రో మారి హౌరాకు. 2024 మార్చిలో మొదలైన ఈ హౌరా లైను గంగ అడుగున పోతుంది. పొద్దున పైన దాటిన నదిని ఇప్పుడు కింద నుంచి దాటుతాం.

తరచూ జరిగే పొరపాట్లు

మ్యూజియానికి ముందే న్యూ మార్కెట్‌లోకి దూరడం. చీరల దుకాణంలో కూర్చున్న అత్తయ్యను లేపడం ఎవరి తరమూ కాదు. ఆ పక్కకే పోవద్దు.

లోకల్ టికెట్టుతో ఎక్స్‌ప్రెస్ ఎక్కడం. తొందరగా చేరుతుంది కదా అనిపిస్తుంది, టీటీఈ వస్తే జరిమానా ఖాయం.

అన్నిటికంటే ఎక్కువగా జరిగేది హౌరాలో, అలసిపోయి ఎదురుగా ఉన్న లోకల్ ఎక్కేయడం. మేచేదా లోకల్, పాన్స్‌కురా లోకల్ సగం దారిలోనే ఆగిపోతాయి, హల్దియా లోకల్ పాన్స్‌కురా దగ్గర పక్కకు తిరిగిపోతుంది. బోర్డు మీద ఖరగ్‌పూర్ అని గానీ మేదినీపూర్ అని గానీ చదివాకే ఎక్కండి.