లేజర్ ఎక్కడ పడింది, ఎప్పుడు పడింది? ఒకే సెన్సార్‌తో పట్టుకోవడం ఎలా?

గోడ మీద లేజర్ చుక్క నిలకడగా ఉంటే ఎక్కడ పడిందో కన్నే చెబుతుంది. అదే చుక్క సెకనులో ఐదువందలవ వంతు సేపు వెలిగి ఆరిపోయిందనుకోండి. చోటు ఉజ్జాయింపుగా చూపించగలం, వచ్చిన క్షణం మాత్రం చెప్పలేం. ఈ రెండు ప్రశ్నలకూ ఒకేసారి జవాబు చెప్పే సెన్సార్‌ను ఇంట్లో బల్ల మీదే కట్టుకోవచ్చు. డిప్లొమా పిల్లలు, ఇంజినీరింగ్ మొదటి ఏడాది పిల్లలు ఓపిగ్గా కూర్చుంటే చేయగలిగిన పని ఇది.

రెండూ ఎందుకు కావాలంటారా? 2016లో వచ్చిన హెచ్‌టీసీ వైవ్ అనే వీఆర్ హెడ్‌సెట్‌నే చూడండి. గదిలో ఎత్తున బిగించిన పెట్టెలోంచి లేజర్ గీత సెకనుకు 60 చుట్లు తిరుగుతూ గదంతా ఊడుస్తుంది. దానికి ముందు ఒక మెరుపు వస్తుంది. ఆ మెరుపు తర్వాత ఎంతసేపటికి గీత తమను తాకిందో హెడ్‌సెట్ మీది ఫోటోడయోడ్‌లు కొలుస్తాయి. అరవై చుట్లంటే సెకనుకు 21,600 డిగ్రీలు. మూడు మీటర్ల దూరంలో ఒక్క మైక్రోసెకను తప్పితే చోటు ఒక మిల్లీమీటరుకు పైగా తప్పుతుంది. అక్కడ కాలంలోంచే స్థానం పుడుతుంది. మనం రెంటినీ విడివిడిగా కొలుస్తాం. అయినా అవి ఒకదాన్నొకటి వదలవని చివర్లో మీకే తెలుస్తుంది.

ముందుగా కళ్ల సంగతి. బజారులో దొరికే ఎర్ర లేజర్ మాడ్యూల్ మీద 5 మిల్లీవాట్లు అని రాసి ఉంటుంది. ఆ రాతను పూర్తిగా నమ్మకండి, అంతకన్నా ఎక్కువ వెలువడే చవక సరుకూ ఉంటుంది. కిరణాన్ని కంటి ఎత్తుకు బాగా దిగువన ఉంచండి, చేతి గడియారం, ఉంగరాలు తీసేయండి, కిరణం వెళ్లే వైపు చివర నల్ల అట్ట అడ్డం పెట్టండి. కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ లేజర్ జోలికి కొత్తవాళ్లు అసలు వెళ్లవద్దు.

మొదటి అడుగు: సామాను

బీపీడబ్ల్యూ 34 ఫోటోడయోడ్‌లు నాలుగు, ఎల్ఎం 393 కంపారేటర్ ఒకటి, 10 కిలోఓమ్, 100 కిలోఓమ్ రెసిస్టర్లు నాలుగేసి, 10 కిలోఓమ్ పాట్ ఒకటి, 4.7 కిలోఓమ్, ఒక కిలోఓమ్ రెసిస్టర్లు ఒక్కొక్కటి, బీసీ 547 ట్రాన్సిస్టర్ ఒకటి, ఆర్డుయినో ఊనో ఒకటి, లేజర్‌ను నడపడానికి ఆర్డుయినో నానో ఒకటి, బ్రెడ్‌బోర్డు, తీగలు, బటర్ పేపర్. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు కోఠి గుజరాతీ గల్లీలో ఒక పూట తిరిగితే సరిపోతుంది.

ఫోటోడయోడ్ బదులు ఎల్‌డీఆర్ వాడదామనిపిస్తుంది, ఇంట్లో పడి ఉంటుంది కాబట్టి. వద్దు. వెలుగు పోయాక ఎల్‌డీఆర్ కోలుకోవడానికి పదుల మిల్లీసెకన్లు పడుతుంది. మన పల్స్ నిడివే 2 మిల్లీసెకన్లు.

రెండో అడుగు: నాలుగు గదులు

నాలుగు డయోడ్‌లను రెండు పైన, రెండు కింద, వీలైనంత దగ్గరగా ఆనించి సోల్డర్ చేయండి. కిటికీకి నాలుగు అద్దాలున్నట్టు కనిపించాలి. ప్రతి డయోడ్ క్యాథోడ్‌ను 5 వోల్టులకు, యానోడ్‌ను 10 కిలోఓమ్ రెసిస్టర్ ద్వారా గ్రౌండ్‌కు కలపండి. ఏ కాలు ఏదో అనుమానముంటే డయోడ్‌ను అరచేత్తో మూసి మల్టీమీటర్ డయోడ్ మోడ్‌లో చూడండి. రీడింగ్ వచ్చినప్పుడు ఎర్ర తీగ తగిలిన కాలు యానోడ్. యానోడ్‌లను ఊనో మీది ఏ0, ఏ1, ఏ2, ఏ3 పిన్నులకు ఇవ్వండి: ఎడమ పైన, కుడి పైన, ఎడమ కింద, కుడి కింద, అదే వరసలో.

ఇప్పుడు అందరూ వదిలేసే పని. లేజర్ చుక్క సన్నగా ఉంటే ఒకే డయోడ్‌లో పడి ఊరుకుంటుంది. అప్పుడు మనకు తెలిసేది ఏ గదిలో ఉందన్నదే, గదిలో ఎక్కడుందన్నది తెలియదు. వెలుగు నాలుగింటి మీదా కాస్తో కూస్తో పడాలి. అందుకే డయోడ్‌లకు ఒక సెంటీమీటరు ముందు బటర్ పేపర్ బిగించి చుక్కను పరచండి. కాగితాన్ని అటూ ఇటూ జరుపుతూ చూడండి. రీడింగ్ 1023 దగ్గర ఆగిపోతుంటే చిన్న రెసిస్టర్ వేయండి. మరీ తక్కువ వస్తే కాగితాన్ని దగ్గరికి తెండి గానీ రెసిస్టర్‌ను 10 కిలోఓమ్‌లు దాటించకండి. ఆర్డుయినోలోని ఏడీసీ అంతకన్నా పెద్ద రెసిస్టెన్స్‌తో సరిగా చదవదు.

మూడో అడుగు: గడియారం

నాలుగు యానోడ్‌ల నుంచి నాలుగు 100 కిలోఓమ్ రెసిస్టర్లు తీసుకొచ్చి ఒకచోట ముడివేయండి. అక్కడ నాలుగింటి సగటు దొరుకుతుంది. దాన్ని కంపారేటర్ ప్లస్ ఇన్‌పుట్‌కు, పాట్ మధ్య కాలును మైనస్ ఇన్‌పుట్‌కు ఇవ్వండి. అవుట్‌పుట్‌ను 4.7 కిలోఓమ్‌తో 5 వోల్టులకు లాగి, ఊనో 8వ పిన్నుకు కలపండి. ఈ రెసిస్టర్ మరిస్తే ఎల్ఎం 393 అవుట్‌పుట్ పైకి లేవనే లేవదు.

ఎనిమిదో పిన్నే ఎందుకంటే, టైమర్ 1 ఇన్‌పుట్ క్యాప్చర్ అక్కడే ఉంది. పల్స్ అంచు వచ్చిన క్షణంలోనే హార్డ్‌వేర్ టైమర్ అంకెను పట్టి దాచేస్తుంది. ప్రోగ్రాం ఆలస్యంగా వచ్చి చదువుకున్నా ఆ అంకె మారదు. ప్రీస్కేలర్ 8 పెడితే ఒక్కో టిక్కు అర మైక్రోసెకను, టైమర్ ఒక చుట్టు పూర్తిచేసేది 32 మిల్లీసెకన్లు దాటాకే.

నాలుగో అడుగు: పల్స్, ప్రోగ్రాం

నానోతో లేజర్‌ను 20 మిల్లీసెకన్లకు ఒకసారి, 2 మిల్లీసెకన్ల పాటు వెలిగించండి. పిన్ను నుంచి నేరుగా కాదు, బీసీ 547 ద్వారా, బేస్‌కు ఒక కిలోఓమ్ పెట్టి. ఊనోలో క్యాప్చర్ జెండా లేవగానే నాలుగు పిన్నులూ చదవండి. ఒక్కో రీడింగ్‌కు 0.11 మిల్లీసెకను పడుతుంది కాబట్టి నాలుగూ పల్స్ లోపలే అయిపోతాయి. పల్స్ ఆరాక, అంటే అంచు వచ్చిన 3 మిల్లీసెకన్లకు, మళ్లీ నాలుగూ చదివి మొదటివాటిలోంచి తీసేయండి. గది వెలుతురు లెక్కలోంచి పోవాలంటే ఈ తీసివేత తప్పనిసరి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి దీపాలు సెకనుకు వందసార్లు హెచ్చుతగ్గులవుతాయి, తీసివేత ఒక్కటే చాలదు. అందుకని సెన్సార్‌ను నల్ల చార్టు చుట్టిన గొట్టంలో కూడా పెట్టండి.

కుడివైపు రెండింటి మొత్తంలోంచి ఎడమవైపు మొత్తం తీసేసి, నాలుగింటి మొత్తంతో భాగిస్తే అడ్డం స్థానం. పైవాటిలోంచి కిందివి తీసి అలాగే భాగిస్తే నిలువు స్థానం. భాగించడం వల్ల లేజర్ కాస్త మందగించినా చోటు మారినట్టు కనిపించదు.

ఐదో అడుగు: సరిచూడటం

వరుస పల్స్‌ల మధ్య 40,000 టిక్కులు రావాలి. సరిగ్గా రాకపోతే కంగారుపడకండి. ఊనోలో ప్రధాన చిప్‌ను నడిపేది సిరామిక్ రెజోనేటర్, క్వార్ట్జ్ అంత నికరంగా ఉండదు. వంద, రెండు వందల టిక్కుల తేడా స్థిరంగా ఉంటే అది గడియారాల తేడా. అంకె ప్రతిసారీ ఎగిరిపడుతుంటేనే మీ వైరింగ్ చూసుకోవాలి, లేదా పాట్ కొంచెం తిప్పాలి.

స్థానానికి కొలబద్ద కావాలంటే మీ కాలేజీ ఫిజిక్స్ ల్యాబ్‌లో ట్రావెలింగ్ మైక్రోస్కోపు అడగండి. దాని వెర్నియర్ 0.01 మిల్లీమీటరు వరకు చూపిస్తుంది. లేజర్‌ను దాని కదిలే భాగానికి కట్టి, అర మిల్లీమీటరు చొప్పున జరుపుతూ గ్రాఫు గీయండి. మధ్యలో తిన్నగా, అంచుల్లో వంగి వస్తుంది. ఆ తిన్నటి భాగాన్నే నమ్మాలి.

నన్ను అన్నిటికన్నా ఆకట్టుకునేది దీని తర్వాతది. కిరణానికి అడ్డంగా చటుక్కున ఒక ట్రేసింగ్ కాగితం పెట్టండి. వెలుగు తగ్గిన ఆ ఒక్క విరామం ఒకటి రెండు టిక్కులు ఎక్కువ చూపిస్తుంది. లేజర్ ఆలస్యం కాలేదు. బలహీనమైన పల్స్ పాట్‌తో మనం పెట్టిన కంపారేటర్ గీత దాటడానికి కొంచెం ఎక్కువ సమయం తీసుకుంది, అంతే. చుక్క అంచుకు జరిగినప్పుడూ మొత్తం తగ్గుతుంది కాబట్టి ఇదే జరుగుతుంది. చోటు మారితే కాలం కూడా మారినట్టు కనిపిస్తుందన్నమాట. పెద్ద ప్రయోగశాలల్లో గీతను పల్స్ ఎత్తులో ఇంత వంతు అని పెట్టి దీన్ని దాటుతారు. మన బల్ల మీద అంత సర్క్యూట్ అక్కర్లేదు. ప్రతి కాలపు అంకె పక్కన నాలుగింటి మొత్తాన్నీ రాసుకోండి. ఆ మొత్తం మధ్యలో వచ్చేదానికి సగం కన్నా తక్కువైతే ఆ పల్స్ కాలాన్ని లెక్కలోకి తీసుకోకండి.